కొత్త డిజైన్‌కు ముడిసరుకు కోనసీమలోనే

సంక్రాంతి వారం రోజులుందనగానే అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఫ్లెక్సీ షాపులకు ఊపిరాడదు. పండగ శుభాకాంక్షలు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, నాయకుల పుట్టినరోజులు అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడతాయి. కస్టమర్ ఫోటోలు వాట్సాప్‌లో పంపి గంటలో కావాలంటాడు. డిజైనర్ పాత ఫైలు తెరుస్తాడు, ముఖాలూ పేర్లూ మార్చి ప్రింటుకు పంపేస్తాడు. అందుకే ఊరు మారినా ఫ్లెక్సీ మారదు. అవే బంగారు రంగు అక్షరాలు, అదే వెలుగుల నేపథ్యం, మూలల్లో అవే పూలు.

ఇది చేతకాక జరిగేది కాదు. ఫోటోషాప్, కోరల్‌డ్రా మీద ఈ కుర్రాళ్ల చేతివేగం చూసి తీరాల్సిందే. లోటంతా ఆలోచనకు అందే సరుకులో ఉంది, ఆలోచించడానికి దొరికే వ్యవధిలో ఉంది. సృజన పుట్టుకతో రావాలని చాలామంది అనుకుంటారు గానీ, దాన్ని పెంచుకునే పద్ధతులున్నాయి. వాటికి నిదర్శనాలు కోనసీమలోనే బోలెడు.

పోగు చేయడం

అమెరికాలో ప్రకటనల రంగంలో పేరున్న జేమ్స్ వెబ్ యంగ్ 1940లో ఆలోచనలు ఎలా పుడతాయో చెబుతూ ఓ చిన్న పుస్తకం రాశాడు. ఉన్న విషయాలను కొత్తగా కలపడమే కొత్త ఆలోచన అన్నది అందులోని సారాంశం. అలాంటప్పుడు కలపడానికి మన దగ్గర ఏముందన్నదే అసలు ప్రశ్న. అందరూ దించుకునే పీఎస్‌డీ ఫైళ్లే మన దగ్గరా ఉంటే, అందరికీ వచ్చే డిజైనే మనకూ వస్తుంది.

అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటకు కనుమ రోజున వెళ్లినవాళ్లకు ఈ మాట బాగా అర్థమవుతుంది. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద ఆ కొబ్బరితోటకు తరలివస్తారు. వెదురు చట్రం కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టి అలంకరించిన ప్రభలను భుజాలకెత్తుకుని పచ్చని చేల మీదుగా నడుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలువ నీళ్లలో దిగి దాటి వస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థం మీదే రూపుదిద్దుకుంది.

డిజైనర్ కన్నుతో చూస్తే ప్రభ ఒక పూర్తి పాఠం. చేనుకు ఆవలి గట్టు మీద నుంచి చూసేవాళ్లకు ఆకాశం ముందు కమానులాంటి రూపం ఒక్కటే కనిపిస్తుంది. దగ్గరకు వస్తున్నకొద్దీ రంగుల పట్టీలు విడివిడిగా తెలుస్తాయి. ఎదుటికొచ్చాక చూపు నడిమధ్యనున్న దేవుడి మీద నిలుస్తుంది. దూరానికి ఆకారం, నడిమి దూరానికి రంగు, దగ్గరకు వివరం. రోడ్డు పక్కన పెట్టే హోర్డింగుకు కావలసిందీ ఈ మూడంచెల అమరికే.

ఇలాంటివి ఫోన్‌తో తీసి ఆకారాలు, రంగులు, అక్షరాలు అని వేర్వేరు ఫోల్డర్లలో దాచుకోవచ్చు. ఒక ప్రభ ఫోటోలోంచి ఐడ్రాపర్‌తో ఐదు రంగులు తీస్తే, ఏ రెడీమేడ్ ఫైలులోనూ దొరకని రంగుల జట్టు చేతికొస్తుంది. బండారులంక చేనేత చీరల అంచులు చూసినా అంతే.

హద్దులు పెట్టుకోవడం

రాజోలు వైపు సఖినేటిపల్లి రేవులో వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. బాపుగా తెలుగువాళ్లందరికీ తెలిసిన సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933లో పుట్టింది అక్కడే. 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరేనాటికి పత్రికల్లో బొమ్మలు ఎక్కువగా లైన్ బ్లాకులతో అచ్చయ్యేవి. అందులో నలుపు ఉంటుంది, తెలుపు ఉంటుంది, మధ్య ఛాయలుండవు. చెప్పదలచుకున్నదంతా గీతే చెప్పాలి. ఆ ఇరుకులోనే ఆయన గీత అంత పొదుపుగా, అంత స్పష్టంగా తయారైంది.

ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో లక్షల రంగులు, వేల ఫాంట్లు. ఎంపిక ఎక్కువైతే చెయ్యి అలవాటైన వాటి మీదికే పోతుంది. అందుకే కావాలని హద్దు పెట్టుకోవాలి. ఒక పెళ్లి కార్డు రెండే రంగుల్లో చేయడం, ఒక ఫ్లెక్సీ ఫోటో లేకుండా ఉత్త అక్షరాలతోనే నిలబెట్టడం లాంటివి. జకార్డ్ మగ్గానికి నమూనా గీసేవాళ్లు రోజూ చేసేదిదే. గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి బుటా గీయాలి, అది అట్టల మీద రంధ్రాలుగా మారాలి. గడిలో ఒదగని వంపు మగ్గం మీద రాదు.

తెర కన్నా ముందు కాగితం

బాపు తొలి సినిమా ‘సాక్షి’ 1967లో వచ్చింది. దాన్ని తీసింది ఆత్రేయపురం మండలం పులిదిండిలో. కెమెరా పెట్టకముందే షాట్లను బొమ్మలుగా వేసుకోవడం ఆయన పద్ధతి. కాగితం మీద తప్పు చేస్తే పోయేది కాగితమే, సెట్లో చేస్తే పోయేది డబ్బు.

గ్రాఫిక్ డిజైన్‌కూ ఇదే వర్తిస్తుంది. న్యూయార్క్ నగరానికి పర్యాయపదంగా మారిన ఎర్ర గుండె గుర్తును డిజైనర్ మిల్టన్ గ్లేజర్ మొదట టాక్సీలో కూర్చుని, కవరు వెనక ఎర్ర క్రేయాన్‌తో గీశాడు. ఫెడెక్స్ లోగోలో అక్షరాల మధ్య దాగిన బాణం గుర్తు 1994లో బయటికి రాకముందు డిజైనర్ లిండన్ లీడర్ బృందం రెండు వందలకు పైగా నమూనాలు వేసింది. మొదట తట్టేది అందరికీ తట్టేదే. అది కాగితం మీద పడిపోతే తర్వాతిది వస్తుంది. అగ్గిపెట్టంత గళ్లు పది గీసుకుని, గడికొక అమరిక చొప్పున పెన్సిల్‌తో వేస్తే పావుగంట కూడా పట్టదు.

షాపులో ఇద్దరు ముగ్గురు డిజైనర్లుంటే ఎవరికి వాళ్లు విడిగా గీసి, ఆ తర్వాత కలిసి చూసుకోవడం మేలు. అందరూ ఒకచోట చేరి బుర్రలు చించుకోవడం కన్నా విడివిడిగా ఆలోచించి పోగేస్తేనే ఎక్కువ ఆలోచనలు వస్తున్నాయని 1987లో డీల్, స్ట్రోబె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో తేల్చారు.

అక్షరమే బొమ్మ

తెలుగు డిజైనర్ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి లిపి. ‘లక్ష్మీ’ అని రాస్తే పైన గుడిదీర్ఘం, కింద ఒత్తులు. ఇంగ్లీషుకు చాలే వరుసల ఎడం తెలుగుకు చాలదు. కింది వరుస గుడి పై వరుస ఒత్తును గుద్దుకుంటుంది. దాన్ని ఇబ్బందిగా చూసి అక్షరాన్ని కుదించేవాళ్లే ఎక్కువ. ఒత్తును కిందికి సాగదీసి దీపపు కుందెగానో, కొబ్బరాకుగానో మలిస్తే ఆ పేరే లోగో అవుతుంది. బాపు పుస్తకాల ముఖచిత్రాలకూ సినిమా పేర్లకూ అక్షరాలు చేత్తోనే రాశారు. ఆ దస్తూరీ తర్వాత కంప్యూటర్ ఫాంటు కూడా అయ్యింది. దాన్ని వాడుకోవచ్చు. అయితే సొంత చేతిరాతను స్కాన్ చేసి వాడితే అది మరే షాపులోనూ దొరకదు.

లేచి నడవడం

పని ముందుకు కదలకపోతే కుర్చీలోంచి లేవడమే మంచిది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు ఒపెజ్జో, ష్వార్ట్జ్ చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నడుస్తున్నవాళ్లకు కూర్చున్నవాళ్ల కన్నా సగటున 60 శాతం ఎక్కువగా కొత్త ఆలోచనలు వచ్చాయి. కూర్చున్నాక కూడా ఆ ప్రభావం కాసేపు నిలిచింది. ఒకే సరైన జవాబు వెతికే పనిలో మాత్రం నడక సాయపడలేదు. కాబట్టి ఆలోచనల కోసం కాలువ గట్టు వెంట నడిచి రావాలి, వాటిలో మంచిదేదో తేల్చడానికి కూర్చోవాలి.

ఇన్ని చెప్పినా గంటలో కావాలనే కస్టమర్ ముందు ఇవేవీ సాగవు. చాలాచోట్ల ఫ్లెక్సీకి చదరపు అడుగు చొప్పున లెక్క కడతారు, డిజైన్ అందులోనే కలిసిపోతుంది. డబ్బు రాని పనికి ఎవరు మాత్రం వ్యవధి ఇస్తారు? ఒక్కరోజు బతికే ఫ్లెక్సీని అలాగే వదిలేసినా, ఏళ్ల తరబడి నిలిచే పనులకు డిజైన్ చార్జీ వేరుగా అడగడం న్యాయం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి పెట్టె ఇక ఎక్కడెక్కడికో వెళ్తుంది. కాలిన కుండ మీద పిండిగుడ్డ లాగిన క్షణంలో లేచొచ్చే, వెలుతురు అవతలి నుంచి కనిపించే ఆ రేకును పెట్టె మీదికి ఎలా తేవాలో ఆలోచించడానికి డిజైనర్‌కు వారం కావాలి. ఆ వారానికి బిల్లులో ఒక వరుస ఉండాలి.