సోమవారపు నారుమడి

‘సెమినార్’ అనే మాట మన కళాశాలలలో అందరికీ పరిచితమే. దాని మూలమైన లాటిన్ పదానికి నారుమడి అని అర్థం. పేరుకు తగినట్లు అక్కడ మొలకలు లేస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. వారానికొకసారి నోటీసుబోర్డు మీద ఒక కాగితం కనిపిస్తుంది. వక్త గంటసేపు నల్లబల్లను సూత్రాలతో నింపుతాడు. శ్రోతలు అర్థమైనట్లు తల ఊపుతారు. చివరకు చప్పట్లు, తేనీరు. అర్థం కాలేదన్న మాట మాత్రం ఎవరి నోటా వెలువడదు.

ఆ మాటకే అగ్రస్థానమిచ్చిన గణితగోష్ఠి ఒకటి మాస్కో విశ్వవిద్యాలయంలో జరిగేది. 1943లో ఇజ్రాయిల్ గెల్‌ఫాండ్ దానిని ప్రారంభించినాడు. 1989లో ఆయన అమెరికాకు వెళ్లేవరకు, సుమారు 46 ఏండ్లపాటు, సోమవారం సాయంకాలాలలో అది సాగినది.

గెల్‌ఫాండ్ 1913లో ఉక్రెయిన్‌లోని ఒక చిన్న ఊరిలో జన్మించినాడు. ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేసే అవకాశం ఆయనకు దక్కలేదు. 1930లో మాస్కో చేరి, పొట్టపోసుకొనడానికి దొరికిన పనులన్నీ చేసినాడు; కొంతకాలం లెనిన్ గ్రంథాలయంలో ద్వారపాలకుడుగా కూడా ఉన్నాడు. ఆ రోజులలోనే విశ్వవిద్యాలయంలో జరిగే గణితగోష్ఠులకు పోయి కూర్చునేవాడు. ఏ పట్టమూ లేని ఆ యువకుని 1932లో నేరుగా పరిశోధక విద్యార్థిగా చేర్చుకొన్నారు. మహాగణితవేత్త కొల్మోగొరోవ్ ఆయనకు గురువైనాడు. వాకిట నిలిచిన రోజులు మరువలేదు కాబోలు, తన గోష్ఠికి ఆయన తలుపులు బార్లా తెరచి ఉంచినాడు. బడిపిల్లలు మొదలు ఆచార్యుల దాకా అక్కడ ఒకే గదిలో కూర్చునేవారు.

చెప్పిన వేళకు గోష్ఠి మొదలయ్యేది కాదు. ముందు వసారాలో గుంపులుగా నిలిచి మాట్లాడుకొనేవారు. ఎవరు ఏ సమస్యతో కుస్తీ పడుతున్నారో అక్కడే తెలిసేది. తరువాత వక్త నల్లబల్ల దగ్గరకు వచ్చేవాడు. నాలుగు వాక్యాలు చెప్పీ చెప్పకముందే గెల్‌ఫాండ్ అడ్డు తగిలేవాడు. ఈ నిర్వచనం ఎందుకు? దీనికి మిక్కిలి సులభమైన ఉదాహరణ ఏది? ఒక్కొక్కసారి విద్యార్థినొకని లేపి, విన్నదానిని తన మాటలలో చెప్పమనేవాడు. అతడు చెప్పలేకపోతే వక్త మళ్లీ మొదటికి రావలసిందే. ఒక్క సాయంకాలంలో ముగియవలసిన ప్రసంగం వారాల తరబడి సాగడం కద్దు.

ఈ పద్ధతిలో కరుకుదనం లేకపోలేదు. పదిమంది ముందు మాట తెగిపోయి నొచ్చుకొన్న వక్తలున్నారు. అయితే గెల్‌ఫాండ్ ఇతరులను మాత్రమే పరీక్షించలేదు. తనకు అర్థం కానిదానిని అర్థం కాలేదని తానే నిండుసభలో ఒప్పుకొనేవాడు. అంతటివాడు ఆ మాట అంటే పక్కనున్న కుర్రవానికి సిగ్గెందుకు? కిరిల్లోవ్, బెర్న్‌స్టెయిన్, కజ్దాన్ వంటి ప్రసిద్ధ గణితవేత్తలు విద్యార్థి దశలో ఆ గదిలో పెరిగినవారే. ఆ గది దాకా రాలేని దూరపు ఊళ్ల పిల్లల కొరకు, ఉత్తరాల ద్వారా గణితం నేర్పే పాఠశాలను 1964లో గెల్‌ఫాండ్ నెలకొల్పినాడు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మన తరగతిలో ఉపాధ్యాయుడు “అర్థమయిందా?” అంటే “అయిందండీ” అని పిల్లలందరూ ఏకకంఠంతో పలుకుతారు. ఆ సమాధానంతో తృప్తిపడి పాఠం ముందుకు సాగుతుంది. అర్థం కానిది అర్థం కానట్లే వెనుక మిగిలిపోతుంది. అంతకంటె, ఒక పిల్లవానిని పిలిచి, విన్నది తన మాటలలో చెప్పమనడం మేలు. దానికి మాస్కో గోష్ఠి అక్కరలేదు, పెద్ద గ్రంథాలయం అక్కరలేదు. తడబడిన పిల్లవానిని చూచి ఎవరూ నవ్వకుండా చూడగల ఉపాధ్యాయుడు ఒక్కడుంటే చాలు. వెనుక బెంచీ నుండి “నాకు తెలియలేదండీ” అన్న మాట వినిపించిన నాడు, ఆ తరగతిలో నారు మొలిచినదని ఆయన సంతోషించవచ్చును.