హనీసకిల్ పువ్వు

మా పాఠశాల వాకిటి పందిరిమీద రాధామనోహరపు తీగ యొకటి యల్లుకొని యున్నది. సాయంకాలమున తెల్లగా విచ్చిన పువ్వులు మఱునాటికి గులాబివన్నెయు, తరువాత నెఱ్ఱవన్నెయు దాల్చుట మన విద్యార్థు లందఱు నెఱిగినదే. క్రిందటి వర్షకాలమున తొమ్మిదవ తరగతి బాలు డొకడు గొంతునొప్పిచేత రెండుదినములు బడికి రాలేదు. మూడవనాడు వచ్చి, ఈ పందిరి పూలనే తన తల్లి కాచి కషాయముగా నిచ్చినదనియు, హనీసకిల్ పువ్వు గొంతునొప్పికి మంచిదని యెవరో యామెకు చెప్పిరనియు నాతో ననెను. వానికి కీడేమియు కలుగలేదు. నొప్పియు తనంతట తానే తగ్గినది. కాని యా తల్లి కాచినది హనీసకిల్ కాదు. తప్పు ఆమెది కాదు, పేరుది. మన రాధామనోహరమును ఆంగ్లమున రంగూన్ తీగ యందురు; కొందఱు చైనా హనీసకిల్ అనియు పిలుతురు. కావున ఈ రెండు తీగలను గూర్చి కొంచెము వివరముగా వ్రాయ దలచితిని.

హనీసకిల్ అనగా తేనె పీల్చుకొను పువ్వని యర్థము. మన పిల్లలు నూరువరహాల పువ్వును త్రుంచి కాడను చప్పరించినట్లే, చలిదేశముల పిల్లలు ఈ పువ్వు మొదలును కొఱికి తేనెచుక్కను పీల్తురు. దీనిలో 150కి పైగా జాతులు కలవు. 16వ శతాబ్దపు జర్మను వైద్యుడగు ఆడమ్ లోనిట్సర్ పేరుమీద లిన్నేయసు ఈ జాతుల కన్నిటికి లోనిసెరా యని నామకరణము చేసెను. మన నీలగిరులయందును వీనిలో కొన్ని సహజముగా పెరుగుచున్నవి. అయినను ఔషధముగా ప్రసిద్ధికెక్కినది చైనా, కొరియా, జపాను దేశములకు చెందిన లోనిసెరా జపానికా యను తీగ. దాని పువ్వులు ఆకుల మొదళ్లయందు జంటలుగా పూయును. సందెవేళ తెల్లగా విచ్చి, పొడుగాటి నాలుక గల చిమ్మెటలను రాత్రియంతయు తన సువాసనచేత పిలుచుకొని, ఒకటి రెండు దినములలో పసుపుపచ్చగా మాఱును. ఒకే తీగమీద తెలుపును పసుపును కలసి కనబడుటచేత చైనావారు దీనికి ‘జిన్ యిన్ హువా’, అనగా బంగారు వెండి పువ్వు అని పేరు పెట్టిరి. శీతకాలమందును ఆకు రాల్చక నిలుచుటచేత ఈ తీగకు చలిని సహించునది యను మఱియొక పేరును కలదు.

మందునకు విచ్చిన పువ్వుకంటె మొగ్గయే మేలు. చైనాలో షాన్‌దోంగ్ రాష్ట్రపు పింగ్‌యీ, హెనాన్ రాష్ట్రపు ఫెంగ్‌చియూ ఈ పంటకు పేరుపొందిన తావులు. అచ్చటి రైతులు వేసవి తొలిదినములలో తెల్లవారుజామున, మొగ్గ విచ్చకముందే చేతితో కోసి ఆరబెట్టుదురు. జ్వరము, గొంతువాపు, సెగగడ్డలు, రక్తవిరేచనములు అను వానికి అచ్చటి వైద్యులు దీనిని వాడుదురు. 1798వ సంవత్సరమున వూ జూతోంగ్ అను వైద్యుడు రచించిన గ్రంథమునందలి ‘యిన్ చియావ్’ చూర్ణము నేటికిని వాడుకలో నున్నది. అందులో యిన్ అనునది ఈ పువ్వే. ఎండకాలమున చలువకై సామాన్యజనులు దీనిని తేనీటివలె మరగించి త్రాగుటయు కలదు. ఎండిన మొగ్గలు దినమునకు 6 మొదలు 15 గ్రాముల వఱకు వాడవలెనని చైనా ఔషధగ్రంథము నిర్ణయించుచున్నది.

ఇక దీని గుణ మెంతవఱకు నిజము? కాఫీగింజలలో నుండు క్లోరోజెనిక్ ఆమ్లము ఈ మొగ్గలలోను సమృద్ధిగా కలదు. దీని సారము కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను గాజుపాత్రలలో అడ్డగించినట్లును, జంతువులలో వాపును తగ్గించినట్లును పరీక్షలు తెలుపుచున్నవి. కాని గాజుపాత్ర వేఱు, మనుష్యుని దేహము వేఱు. 2020 జనవరి 31వ తేదీని, ఈ పువ్వు చేరిన ‘షువాంగ్ హువాంగ్ లియన్’ అను ద్రవౌషధము క్రొత్త కరోనా క్రిమిని అణచగలదని చైనాలో వార్త వెలువడెను. ఆ రాత్రియే జనులు మందుల అంగళ్లముందు బారులుతీరిరి. మందు చూచుచుండగనే కరవయ్యెను. అణచుట యనగా నివారించుట గాని, నయముచేయుట గాని కాదని మఱునాడు పత్రికలు హెచ్చరింపవలసి వచ్చినది. మనుష్యులయందు చక్కగా జరిపిన పరీక్షలు నేటికిని తక్కువే. కావున నేను దీనిని రుచిగల తేనీరనియు, గొంతునకు కొంత హాయి నిచ్చునదనియు మాత్రమే చెప్పగలను.

దీని పండ్లు నల్లగా నిగనిగలాడుచుండును. వానిని తినరాదు, వాంతులు కలుగును. విరేచనములు త్వరగా నగువారికిని, గర్భిణులకును వైద్యుని యడుగక ఈ కషాయ మీయరాదు. విత్తనముగాని మొక్కగాని తెప్పించి నాటుద మనువారు అమెరికా కథ వినవలెను. 1806వ సంవత్సరమున అందముకొఱకు అచ్చటికి కొనిపోబడిన ఈ తీగ తోటలు దాటి, అడవులలో చిన్నచెట్లను చుట్టి అణగద్రొక్కుచు నేడు తీరని కలుపై కూర్చున్నది.

రాధామనోహరము దీనికి చుట్టము కాదు. అది మన కరక్కాయ, తానికాయ చెట్ల కుటుంబములోనిది. దానిలో ఔషధముగా పేరుపొందినది పువ్వు కాదు, గింజ. పిల్లల కడుపులోని ఏలికపాములు పడుటకు చైనావారు దానిని వాడుదురు. మోతాదు మించినచో వెక్కిళ్లు, వాంతులు పట్టుకొనును. గుర్తు చాల సులభము. రాధామనోహరపు పువ్వు సన్నని పొడుగాటి గొట్టముచివర అయిదు రేకులు సమముగా విప్పి గుత్తులుగా వ్రేలాడును, తెలుపునుండి ఎఱుపునకు మాఱును. హనీసకిల్ పువ్వు నోరు తెఱచినట్లు రెండు పెదవులుగా చీలి, కేసరములను వెలుపలికి చాచును, తెలుపునుండి పసుపునకు మాఱును.

తల్లిదండ్రులకు ముఖ్యముగా చెప్పవలసిన దొకటి యున్నది. పిల్లల గొంతునొప్పులలో అధికభాగము పడిసెమువలె వచ్చి పోవునవే. కాని కొన్ని స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన కలుగును. దానికి తగిన చికిత్స జరుగనిచో, కొన్ని వారములకు కొందఱు పిల్లలకు కీళ్లవాతపు జ్వరము వచ్చి గుండె కవాటములు చెడిపోవును. ఈ గుండెజబ్బు మన దేశమును నేటికిని విడువలేదు. పెన్సిలిన్ దీనిని రాకుండ నాపగలదు, పువ్వు ఆపలేదు. జ్వరముతోకూడ గొంతు నొచ్చి, మ్రింగుట కష్టమై, మెడక్రింద బిళ్లలు కట్టినప్పుడు కషాయముల పేర దినములు గడపక వైద్యునికి చూపవలయును. ఉప్పునీరు పుక్కిలించుట ఎట్లును మంచిదే.

ఇదంతయు నేను ఆ బాలునికి చెప్పగా, తన తల్లికి చూపుటకై రెండు పువ్వులను నోటుపుస్తకమున బొమ్మలుగా వ్రాసికొనెను. రాధామనోహరమును పందిరిక్రింద నిలువబడి చూచి వ్రాసెను. హనీసకిల్‌ను మాత్రము వృక్షశాస్త్ర పుస్తకములోని పటమునుండి ఎత్తి వ్రాయవలసి వచ్చెను. మా యూర ఆ తీగ యెక్కడను లేదు.