మీరిచ్చిన ఐదొందలు ఎక్కడికెళ్లాయి?

‘మామా, ఒకసారి లెక్క గ్రూపులో పెడతావా?’

2021 మే నెలాఖరులో మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ ఇది. చివర్లో ఒక నవ్వు ఎమోజీ కూడా ఉంది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే లెక్క చెప్పాల్సింది నేనే.

కరోనా సెకండ్ వేవ్‌లో మా క్లాస్‌మేట్ వాళ్ల నాన్నగారు ఆసుపత్రిలో చేరారు. ఐసీయూ బిల్లు రోజురోజుకీ పెరిగిపోతోంది. మేమంతా కలిసి ఒక పోస్టర్ తయారుచేశాం. బెడ్ మీద ఉన్న ఆయన ఫొటో, జబ్బు వివరాలు, కింద నా ఫోన్ నంబరు. ‘నీకు ఉద్యోగం వచ్చింది కదా, డబ్బులు నీ అకౌంట్‌కే వేయిద్దాం’ అన్నారు. సీనియర్లు, జూనియర్లు, ముక్కూమొహం తెలియనివాళ్లు, అందరూ కలిపి 143 మంది 4,12,350 రూపాయలు పంపారు.

ఆసుపత్రికి మూడు విడతల్లో 3,40,000 కట్టాం. బయట మందులకి 38,000 అయ్యింది. అందులో సగానికి బిల్లుల్లేవు. ఇంజెక్షన్ దొరకడమే గొప్ప అనుకునే రోజులవి, బిల్లు ఎవరడుగుతారు? అంత చేసినా అంకుల్ బతకలేదు. మిగిలిన 34,350 తీసుకెళ్లి ఆంటీ చేతిలో పెట్టి వచ్చేశాను. ఆ ఇంట్లో, ఆ పరిస్థితిలో, రసీదు రాసివ్వండి అని నోరెలా వస్తుంది?

లెక్కంతా ఎక్సెల్ షీట్‌లో వేసి గ్రూపులో పెట్టాను. పది నిమిషాల తర్వాత ఇంకో మెసేజ్. ‘ఎక్సెల్ ఎవరైనా ఎలాగైనా మార్చొచ్చు కదా బ్రో.’

అన్నవాడి మీద కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, వాడన్నదాంట్లో తప్పేముంది? డబ్బులు నా అకౌంట్లో, షీట్ నా ల్యాప్‌టాప్‌లో. ఎవరైనా నన్ను నమ్మాల్సిందే తప్ప చెక్ చేసుకునే దారి లేదు. ఆ మాటే నన్ను బ్లాక్‌చెయిన్ వైపు నెట్టింది.

అమ్మ డ్వాక్రా పుస్తకం

బ్లాక్‌చెయిన్ అనగానే బిట్‌కాయిన్, రాత్రికి రాత్రే కోటీశ్వరులు, స్కాములు గుర్తొస్తాయి. కాసేపు అవన్నీ పక్కన పెడదాం. అసలు విషయం ఒక పద్దుల పుస్తకం, అంతే.

మా అమ్మ డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. మీటింగ్‌లో ఎవరెంత కట్టారు, ఎవరికెంత అప్పిచ్చారు అనేది అందరి ముందూ చదువుతారు. కానీ పుస్తకం మాత్రం ఒక్కటే. అది లీడర్ ఇంట్లో ఉంటుంది. ఇప్పుడు ఒకటి ఊహించండి. ఆ మొత్తం పుస్తకం కాపీ ప్రతి సభ్యురాలి ఇంట్లోనూ ఉంది. ఒక చోట రాసిన పద్దు అన్నింట్లోకీ ఎక్కుతుంది. అంతేకాదు, ప్రతి పేజీ పైనా ముందు పేజీలోని పద్దులన్నింటి నుంచి లెక్కగట్టిన ఒక కోడ్ ఉంటుంది. పాత పేజీలో ఒక్క అంకె మార్చినా ఆ కోడ్ మారిపోతుంది, దాని తర్వాతి పేజీలన్నీ తేడా కొడతాయి. దొంగ లెక్క రాయాలంటే సగానికి పైగా ఇళ్లలోని పుస్తకాలు ఒకేసారి మార్చాలి.

ఆ పేజీ ‘బ్లాక్’. పేజీల గొలుసు ‘బ్లాక్‌చెయిన్’. ఆ కోడ్‌ని మా భాషలో ‘హ్యాష్’ అంటాం. సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008లో వచ్చిన పేపర్ ఈ పద్ధతిలో డిజిటల్ డబ్బు ఎలా నడపాలో చెప్పింది. 2009లో బిట్‌కాయిన్ మొదలైంది. 2015లో వచ్చిన ఇథీరియం ఇంకో అడుగు ముందుకేసింది. పద్దుతో పాటు షరతు కూడా అందులోనే రాయొచ్చు. ‘ముగ్గురు ఓకే అంటేనే డబ్బు కదలాలి’ అని కోడ్ రాస్తే, ముగ్గురూ ఓకే అనేదాకా అది కదలదు. దీన్నే స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు.

విరాళాలకి ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది. రెండు వీకెండ్లు కూర్చుని టెస్ట్ నెట్‌వర్క్ మీద ఒక కాంట్రాక్ట్ రాసేశాను. ఎవరెంత వేశారో ప్రపంచమంతా చూడొచ్చు. ముగ్గురు స్నేహితులు ఒప్పుకుంటేనే డబ్బు బయటికెళుతుంది. నా చేతుల్లో ఏమీ ఉండదు, నన్ను ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే, నాక్కావాల్సింది ఆ చివరి మాటే.

ఎడారిలో కంటిచూపుతో కిరాణా

అంతకుముందే పెద్ద పెద్ద సంస్థలు ఈ దారిలో వెళ్లాయా అని వెతికాను. దొరికిన వాటిలో బాగా నచ్చింది జోర్డాన్ కథ.

ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమం 2017 జనవరిలో పాకిస్థాన్‌లోని సింధ్‌లో వంద మందితో ఒక చిన్న ప్రయోగం చేసింది. పేరు ‘బిల్డింగ్ బ్లాక్స్’. అదే ఏడాది మే నెలలో జోర్డాన్‌లోని అజ్రక్ శిబిరంలో పదివేల మంది సిరియా శరణార్థులకి దాన్ని విస్తరించింది. అక్కడి సూపర్ మార్కెట్లో సరుకులు తీసుకుని కౌంటర్ దగ్గర స్కానర్ వైపు చూస్తే సరిపోయేది. కంటిపాపని బట్టి మనిషిని గుర్తుపట్టి, వాళ్ల పేరున ఉన్న సాయంలోంచి ఆ మొత్తం తగ్గించేది. కార్డు లేదు, నోటు లేదు. ప్రతి కొనుగోలూ బ్లాక్‌చెయిన్ పుస్తకంలోకి ఎక్కేది. షాపుకి సంస్థ ఒకేసారి డబ్బు చెల్లించేది.

లాభం ఏంటంటే, ప్రతి శరణార్థికీ విడివిడిగా బ్యాంకు ద్వారా డబ్బు పంపాల్సిన పని లేదు. దాంతో బ్యాంకు చార్జీలు 98 శాతం తగ్గాయని ఆ సంస్థ ప్రకటించింది. తర్వాత బంగ్లాదేశ్‌లోని రోహింగ్యా శిబిరాలకీ, 2022లో ఉక్రెయిన్‌కీ ఈ పద్ధతి వెళ్లింది. ఉక్రెయిన్‌లో దీని ఉపయోగం ఇంకోలా ఉంది. ఒకే కుటుంబానికి రెండు సంస్థలు ఒకే సాయం రెండుసార్లు ఇవ్వకుండా అందరూ ఒకే పుస్తకం చూసుకున్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇది బిట్‌కాయిన్‌లా ఎవరైనా తెరిచి చూసే పుస్తకం కాదు. అనుమతి ఉన్న సంస్థలకే తలుపు తెరుస్తుంది. మొదట్లో దాన్ని నడిపిందీ ఒక్క సంస్థే. ‘అలాంటప్పుడు మామూలు డేటాబేస్ చాలు కదా’ అని ఇంజినీర్లు విమర్శించారు. ఆ విమర్శలో న్యాయముంది. ఒకరినొకరు పూర్తిగా నమ్మని నలుగురు ఒకే పుస్తకం రాయాల్సి వచ్చినప్పుడే బ్లాక్‌చెయిన్‌కి అర్థం. మన తెలంగాణలో రిజిస్ట్రేషన్ల శాఖ చిట్‌ఫండ్ల కోసం ‘టీ-చిట్స్’ తెచ్చిందీ ఆ ఆలోచనతోనే. చిట్టీ కంపెనీ, సభ్యులు, ప్రభుత్వం, ముగ్గురికీ ఒకే లెక్క కనిపించాలి కాబట్టి.

వంద కోట్ల డాలర్లు వచ్చాయి, తర్వాత?

రెండో కథ మన దేశానిదే. నేను ఫోన్ నంబరుతో పోస్టర్ పెట్టిన రోజుల్లోనే జరిగింది.

2021 ఏప్రిల్‌లో పాలిగాన్ సహ వ్యవస్థాపకుడు సందీప్ నైల్వాల్ ‘క్రిప్టో రిలీఫ్’ పేరుతో కోవిడ్ సాయానికి పిలుపునిచ్చారు. మే నెలలో ఇథీరియం సృష్టికర్తల్లో ఒకరైన విటాలిక్ బుటెరిన్ తనకి వేరేవాళ్లు పంపిన షిబా ఇను టోకెన్లలోంచి 50 లక్షల కోట్లు దానికి బదిలీ చేశారు. ఆ రోజు ధరల్లో అవి వంద కోట్ల డాలర్ల పైమాటే. వాలెట్ అడ్రస్ అందరికీ తెలుసు. ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది అనేది ప్రపంచంలో ఎవరైనా ఫోన్‌లో చూసుకోవచ్చు. ఇంతకన్నా పారదర్శకత ఏముంటుంది?

కానీ ఆ వార్త బయటికి రాగానే టోకెన్ ధర పడిపోయింది. అన్నీ ఒకేసారి అమ్మితే మార్కెట్ ఇంకా కుప్పకూలుతుంది. మెల్లగా అమ్మాలి. అమ్మాక మన చట్టాలున్నాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో తెచ్చిన సవరణ ప్రకారం ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. అంటే ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థలకి పంచే దారి మూసుకుపోయినట్టే. ఖర్చు నెమ్మదించింది. ‘డబ్బు కనిపిస్తోంది, పని కనిపించట్లేదు’ అన్న ప్రశ్నలు మొదలయ్యాయి. చివరికి 2022లో పది కోట్ల డాలర్లు తిరిగి బుటెరిన్‌కే పంపారు, కోవిడ్ పరిశోధనలకి ఆయనైతే వేగంగా ఖర్చుపెట్టగలరని.

ఇందులో ఎవరో డబ్బు తినేశారని నేను అనట్లేదు. వాలెట్‌లో డబ్బు కదలిక ఒకటి, ఆసుపత్రి వార్డులో పడక కదలిక ఇంకొకటి. బ్లాక్‌చెయిన్ చూపించేది మొదటిదాన్నే.

అమ్మ అడిగిన ప్రశ్న

నా కాంట్రాక్ట్ గురించి అమ్మకి గొప్పగా చెప్పాను. డ్వాక్రా పుస్తకం ఉదాహరణ అప్పుడు తట్టిందే. అంతా విని ఆవిడ ఒక్కటే అడిగింది.

‘పుస్తకం అందరి ఇళ్లలో ఉంటే మంచిదేరా. కానీ మొదట రాసేటప్పుడే గేదె కొనకుండా కొన్నానని రాస్తే?’

డ్వాక్రాలో అప్పిచ్చాక గేదెని కొన్నారో లేదో సంఘంవాళ్లు ఇంటికెళ్లి చూసొస్తారట. గేదె ఉందా, పాలిస్తోందా, లేకపోతే పక్కింటి గేదెని చూపిస్తున్నారా అని కూడా.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మా రంగంలో దీనికి పెద్ద పేరే ఉంది, ‘ఒరాకిల్ ప్రాబ్లమ్’ అంటాం. బయటి ప్రపంచంలో జరిగింది నిజమో కాదో బ్లాక్‌చెయిన్‌కి తెలియదు. ఎవరో ఒక మనిషో, సెన్సరో చెప్పాలి. తప్పు చెబితే ఆ తప్పునే ఎప్పటికీ చెరగకుండా భద్రంగా దాస్తుంది. నా 38,000 మందుల ఖర్చులో సగానికి బిల్లుల్లేవు. నేను బ్లాక్‌చెయిన్ మీద రాసినా అది నా మాటే కదా.

చార్జీల సంగతి వేరే. ఆ నెలల్లో ఇథీరియం మీద ఒక్క లావాదేవీకి వేల రూపాయలు పడిన రోజులున్నాయి. రెండొందలు పంపే జూనియర్ కుర్రాడికి అది చెబితే నవ్విపోతాడు. ఇప్పుడు చవకైన నెట్‌వర్కులు వచ్చాయి. కానీ క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, అమ్మినప్పుడు ఒక శాతం టీడీఎస్ ఉన్న దేశంలో, యూపీఐ ఉచితంగా ఉండగా, ఎవరొస్తారు?

‘ఆ ఫొటో తీసేస్తావా?’

ఇవన్నీ సాంకేతిక సమస్యలు. ఎప్పటికైనా పరిష్కారాలు దొరుకుతాయి. నన్ను ఆపేసింది మాత్రం ఒక ఫోన్ కాల్.

ఏడాది తర్వాత నాన్న పోయిన ఆ స్నేహితుడు ఫోన్ చేశాడు. కొత్త ఉద్యోగం వచ్చిందట. ఆఫీసులో ఎవరో వాడి పేరు గూగుల్ చేస్తే మన పాత పోస్టర్ వచ్చిందట. ఆక్సిజన్ మాస్క్‌తో నాన్న ఫొటో, కింద ‘దయచేసి సాయం చేయండి’.

‘అందరూ చేసిన సాయం చచ్చేదాకా మర్చిపోను రా. కానీ ఆ ఫొటో తీసేస్తావా? నాన్న అలా ఎవరికీ గుర్తుండటం నాకిష్టం లేదు.’

ఆ రాత్రి కూర్చుని ఎక్కడెక్కడ షేర్ చేశామో వెతికి, దొరికినవన్నీ తీసేశాను, తీయించాను. తీస్తూ ఉంటే ఒక విషయం గుర్తొచ్చి చెమట పట్టింది. నేననుకున్నట్టు ఆ వివరాలన్నీ బ్లాక్‌చెయిన్ మీద పెట్టి ఉంటే? చెరపలేకపోవడమే దాని గొప్పతనం. వాడికి ‘సారీ రా, అది ఇక పోదు’ అని చెప్పాల్సి వచ్చేది.

మనకి గుప్తదానం అనే మాట ఉంది. ఇచ్చేవాడి పేరు దాచడం పుణ్యం అంటాం. బ్లాక్‌చెయిన్‌లో ఇచ్చేవాడు ఒక వాలెట్ నంబరు వెనక హాయిగా దాక్కోవచ్చు. తీసుకునేవాడికి ఆ సౌకర్యం ఎవరిస్తారు? లెక్క అడిగే హక్కు మనది. కానీ కష్టంలో ఉన్నవాడి మొహం ఆ లెక్కలో భాగం కాకూడదు. అజ్రక్‌లో కంటిపాప స్కాన్ మీద హక్కుల కార్యకర్తల అభ్యంతరమూ ఇదే. ఆకలితో ఉన్నవాడు ‘నా కన్ను స్కాన్ చేయొద్దు’ అనగలడా?

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే

ఆ తర్వాత కూడా మా బ్యాచ్ రెండుసార్లు చందాలు పోగుచేసింది. బ్లాక్‌చెయిన్ వాడలేదు కానీ దాని నుంచి నేర్చుకున్నవి వాడాం. మీకూ పనికొస్తాయేమో చూడండి.

• డబ్బు ఒక్కరి చేతిలో ఉండకూడదు. ఇద్దరి సంతకంతో నడిచే జాయింట్ అకౌంట్ తెరిచాం. వీలైతే నేరుగా ఆసుపత్రి ఖాతాకే కట్టేస్తున్నాం.

• షీట్ అందరికీ ‘చూడటానికి మాత్రమే’ షేర్ చేస్తాం. పేర్లుండవు, యూపీఐ రిఫరెన్స్ నంబరులో చివరి నాలుగంకెలు, మొత్తం ఉంటాయి. ఎవరి పద్దు వాళ్లు చూసుకోవచ్చు. ప్రతి ఆదివారం దాని పీడీఎఫ్ గ్రూపులో పెడతాం. 143 ఫోన్లలో కాపీ ఉంటే నేను తర్వాత ఏం మార్చినా దొరికిపోతాను. చూశారా, అదే బ్లాక్‌చెయిన్ సూత్రం, కాకపోతే ఖర్చు సున్నా.

• మిగిలితే ఏం చేయాలో ముందే రాసిపెడతాం. ‘మిగిలిన డబ్బు కుటుంబానికే’ అన్న ఒక్క లైను అప్పుడు పోస్టర్‌లో ఉండి ఉంటే నాకు ఆ నిద్రలేని రాత్రి ఉండేది కాదు.

• గేదెని చూసొచ్చే మనిషి ఉండాలి. డబ్బు పోగుచేసేవాళ్లలో లేని ఒకరు ఆసుపత్రికెళ్లి బిల్లులు చూసి గ్రూపులో చెబుతారు.

• స్వచ్ఛంద సంస్థకి ఇస్తుంటే ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో పేరుందో లేదో చూడండి. పన్ను మినహాయింపు ఉందంటే రసీదుతో పాటు విరాళం సర్టిఫికెట్ అడగండి. 2021-22 నుంచి ఆ సంస్థలు దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకి ఇవ్వాల్సిందే. ఇవ్వలేమని నసిగితే ఆలోచించండి.

నేను బ్లాక్‌చెయిన్‌ని వదిలేయలేదు. దేశాలు దాటి డబ్బు పంపాల్సిన చోట, పది సంస్థలు ఒకే కుటుంబానికి సాయం చేసే చోట అది చేసే మేలు చిన్నది కాదు. మన పేటలో చందాలకి మాత్రం అంత పెద్ద యంత్రం అక్కర్లేదు.

అన్నట్టు, ఎక్సెల్ మార్చొచ్చు కదా బ్రో అన్నవాడు గుర్తున్నాడా? ఇప్పుడు మా జాయింట్ అకౌంట్‌లో రెండో సంతకం వాడిదే.