సుబ్బిశెట్టి గౌరవం సరే, చింతామణి గౌరవం మాటేమిటి?

సంక్రాంతి వచ్చిందంటే కోనసీమలో నాటకాల కాలం మొదలైనట్టే. కొత్తపేట ప్రభలు, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థం, మాఘంలో అంతర్వేది కల్యాణం, ఆపైన ఊరూరా అమ్మవారి జాతరలు, శ్రీరామనవమి పందిళ్లు. రాత్రి భోజనాలయ్యాక హార్మోనియం శ్రుతి వినిపిస్తే పిల్లలు చాపలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు. తెర లేచాక మంచి పద్యం పడితే ‘వన్స్ మోర్’ కేకలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో పెరిగిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే.

అలా ఆడిన నాటకాల్లో జనం ఎగబడి చూసిన ప్రేమకథ ‘చింతామణి’. 2022 జనవరి 17న, ఇంకా సంక్రాంతి సందడి తగ్గకముందే, ఆ నాటక ప్రదర్శనను రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని అవమానిస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చేసిన ఫిర్యాదే కారణం. దీని మీద చాలా చర్చ జరిగింది. సుబ్బిశెట్టి గురించి మాట్లాడారు, వాక్ స్వాతంత్ర్యం గురించి మాట్లాడారు. చింతామణి గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. కులం పేరుతో అవమానం అంటే ఏమిటో పుట్టుక నుంచీ తెలిసిన వాళ్లం కాబట్టి, ఈ వ్యవహారాన్ని మన వైపు నుంచి ఒకసారి చూడాలని మేం అనుకుంటున్నాం.

అసలు నాటకంలో ఏముంది?

‘చింతామణి’ రాసింది కాళ్లకూరి నారాయణరావు. గోదావరి జిల్లాల మనిషి. వరకట్నం మీద ‘వరవిక్రయం’, తాగుడు మీద ‘మధుసేవ’, వేశ్యావృత్తి మీద ‘చింతామణి’ రాశారు. వీరేశలింగం రాజమండ్రిలో మొదలుపెట్టిన సంస్కరణ గాలి ఆయన నాటకాలన్నిటిలోనూ ఉంది.

కథ పాతదే. ‘శ్రీకృష్ణ కర్ణామృతం’ రాసిన లీలాశుకుడి గురించి జనం చెప్పుకునే కథ. బిల్వమంగళుడు చదువుకున్న బ్రాహ్మణుడు, డబ్బున్నవాడు. చింతామణి అనే వేశ్య మీద మోజుతో భార్య రాధను పట్టించుకోడు. భవానీశంకరం, సుబ్బిశెట్టి కూడా అదే ఇంటి చుట్టూ తిరిగి ఆస్తులు పోగొట్టుకుంటారు. చివరికి ఒక వానరాత్రి బిల్వమంగళుడు శవాన్ని దుంగ అనుకుని పట్టుకుని ఏరు దాటుతాడు, పామును తాడు అనుకుని గోడ ఎక్కుతాడు. అది చూసిన చింతామణే అతనికి కళ్లు తెరిపిస్తుంది. ఈ ఆకర్షణ దేవుడి మీద ఉంటే తరించేవాడివి కదా అంటుంది. అతను లీలాశుకుడవుతాడు, ఆమె కూడా ఆ బతుకు వదిలేస్తుంది.

అంటే ఈ కథలో బుద్ధి చెప్పేది వేశ్య. చెప్పించుకునేది పండితుడు. కాళ్లకూరి రాసిన నాటకంలో అసలు బలం అదే. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు కూడా చింతామణి పాత్రలో ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించారు. 1956లో భానుమతి, ఎన్.టి.రామారావు నటించిన సినిమాగానూ వచ్చింది.

మరి గొడవ ఎక్కడ వచ్చింది? ఊళ్లలో నాటకం రాత్రంతా ఆడాలి, జనం లేచిపోకూడదు. అందుకని బృందాలు సుబ్బిశెట్టి సీన్లను సాగదీశాయి. పుస్తకంలో లేని బూతులు, రెండర్థాల మాటలు చేర్చాయి. నల్లటి రంగు, పొట్టిగా వంగిన ఒళ్లు, పిసినారితనం, యాస, వీటన్నిటినీ కులం పేరుకు తగిలించి నవ్వించాయి. కొన్ని ఊళ్లలో చింతామణి అంటే బిల్వమంగళుడి కథ కాకుండా సుబ్బిశెట్టి కామెడీగా మిగిలింది.

దీనికి నొచ్చుకున్నామని ఒక కులం అంటే మేం ఎగతాళి చేయం. ఎవరి కులాన్నయినా వేదిక మీద నవ్వులాట చేయడం తప్పే. సినిమాల్లో, నాటకాల్లో, సామెతల్లో మన కులాల పేర్లు తిట్లుగా వాడిన చరిత్ర మనకు బాగా గుర్తుంది.

అవమానానికి మందు నిషేధమా?

ఇక్కడ చట్టం సంగతి కొంచెం తెలుసుకోవాలి. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం భావప్రకటన హక్కు ఇస్తుంది. 19(2) ప్రకారం దానికి హద్దులు పెట్టొచ్చు, కానీ అవి చట్టం ద్వారా రావాలి, సహేతుకంగా ఉండాలి. తమను విమర్శించే నాటకాలను అణచడానికి బ్రిటిష్ వాళ్లు 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చారు. 1956లోనే అలహాబాద్ హైకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమంది. 2017 నాటి రద్దు చట్టంతో పార్లమెంటు దాన్ని తీసేసింది. కాబట్టి ఏ నాటకాన్ని ఆపినా ‘ఏ చట్టం కింద?’ అని అడిగే హక్కు మనకుంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని దీనితో పోల్చి చూడండి. పదిమంది చూస్తుండగా ఒక దళితుణ్ణి కావాలని అవమానిస్తే, కులం పేరుతో తిడితే సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) వర్తిస్తాయి. దానికి ఒక బాధితుడు ఉండాలి, ఒక నిందితుడు ఉండాలి, సాక్ష్యం ఉండాలి, విచారణ జరగాలి. మనం అడిగింది అలాంటి న్యాయం. మన కులాలను కించపరిచే సీన్లున్న నాటకాలను, సినిమాలను మొత్తంగా నిషేధించాలంటే పెద్ద జాబితానే తయారవుతుంది.

2017లో కంచ ఐలయ్య పుస్తకం మీద ఇలాంటి వివాదమే నడిచింది. దాన్ని నిషేధించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. రచయిత రాసుకునే స్వేచ్ఛను తేలిగ్గా తీసేయలేమంది. చింతామణి విషయంలో పుస్తకం జోలికి పోలేదు, ప్రదర్శనను మాత్రమే ఆపారు. చదువుకున్నవాళ్లు పుస్తకం కొనుక్కుని చదువుకోవచ్చు. నాటకమే పుస్తకంగా బతికే పల్లె జనానికి మాత్రం తలుపు మూసేశారు. ఆ సీజన్‌లో ముందే బయానా తీసుకున్న కళాకారుల పొయ్యిలో పిల్లి లేవకపోతే ఎలాగో ఎవరూ ఆలోచించలేదు. హార్మోనియం వాయించేవాళ్లు, మేకప్ వేసేవాళ్లు, డ్రెస్సులు అద్దెకిచ్చేవాళ్లు, రాత్రికింత అని వేషం కట్టే ఆడవాళ్లు ఉన్నారు. వీళ్లలో దళితులు, బీసీలు ఉన్నారు. ఒక సీను మార్చమని చెప్పి ఉంటే సరిపోయే చోట అందరి కూడు పోయింది.

చింతామణి ఎవరి బిడ్డ?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ నాటకంలో అందరికంటే ఎక్కువ అవమానం ఎవరికి జరిగింది? కోనసీమలో దీనికి జవాబు వెతకడం కష్టం కాదు.

ముమ్మిడివరం లాంటి చోట్ల కళావంతుల కుటుంబాలు ఉండేవి. గుళ్లలోనూ, జమీందార్ల ఇళ్లలో మేజువాణీల్లోనూ పాడి ఆడినవాళ్లు. భామాకలాపం, పదాలు, జావళీలు వాళ్ల గొంతుల్లో, కాళ్లలో బతికాయి. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణను నిషేధించింది. దురాచారం పోవాల్సిందే. కానీ దానితోపాటు వాళ్ల పాట, ఆట కూడా తప్పుడు పనులైపోయాయి. ఆ కళను తర్వాత పెద్దకులాల అమ్మాయిలు సభల్లో నేర్చుకుని ఆడితే అది శాస్త్రీయం అయింది. కళావంతుల ఇళ్లలో ముసలమ్మలు మాత్రం తమకు ఆట వచ్చని చెప్పుకోవడానికే సిగ్గుపడాల్సి వచ్చింది.

వేశ్య పాత్ర మీద బూతు పడినప్పుడు ఆ కుటుంబాల ఆడపిల్లలకు ఎలా ఉంటుందో ఏ కమిటీ అడగలేదు. ఆ వేషం కట్టిన నటికి వేదిక దిగాక కూడా అవే మాటలు ఎదురవుతాయి. ఇది మనకు దూరపు విషయం కూడా కాదు. జోగినులుగా, మాతమ్మలుగా ఆడపిల్లలను వదిలేసే దురాచారానికి ఎక్కువగా బలైంది దళిత స్త్రీలే. అందుకే 1988లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ ఒక చట్టం తేవాల్సి వచ్చింది. సుబ్బిశెట్టికి సంఘం ఉంది, సెక్రటేరియట్ దాకా దారి ఉంది. చింతామణికి ఆ దారి లేదు. అవమానం ఎంత పెద్దదన్నది చూడకుండా, ఫిర్యాదు చేసినవాడి బలాన్ని బట్టి గౌరవాన్ని కొలిచారన్నదే మా అభ్యంతరం.

నాలుగు నెలల తర్వాత ఇదే కోనసీమలో ఇంకో కొలత చూశాం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు పెడుతూ మే నెలలో ప్రాథమిక నోటిఫికేషన్ రాగానే, మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. దళిత మంత్రి ఇల్లు, బీసీ ఎమ్మెల్యే ఇల్లు కాలాయి. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం మూడూ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గాలు. అయినా రాజ్యాంగం రాసిన మనిషి పేరు బోర్డు మీద ఉండటం కొందరికి అవమానంగా తోచింది. ప్రభుత్వం వెనక్కి తగ్గకుండా ఆ పేరు ఖాయం చేసింది. కానీ ఎవరి మనోభావాలకు ఎంత విలువ అన్న పాఠం మనం ఆ రోజు బాగా నేర్చుకున్నాం.

వేదికను లోపలి నుంచి మార్చినవాళ్లు

మన పెద్దవాళ్లు చెబుతారు: నాటకం వేస్తున్నామని ఊరంతా తప్పెట కొట్టి చాటింది మనవాళ్లే, చూసేటప్పుడు చివర్న విడిగా కూర్చున్నదీ మనవాళ్లే. వేదిక మీద మన పేరుతో కనిపించింది ‘సత్యహరిశ్చంద్ర’లో కాటికాపరి వీరబాహుడు. రాజు ఎంత పడిపోయాడో చూపించడానికి చండాలుడి కొలువులో పెట్టారు.

ఆ నాటకాన్ని మనవాళ్లు నిషేధించమని అడగలేదు. అంతకంటే గొప్ప పని జరిగింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకంలో కాటిసీనుకు గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు వచ్చి చేరాయి. చావు ముందు రాజు, పేద, కులం, ధనం అన్నీ ఒకటేనని చెప్పే పద్యాలవి. ఈనాడు హరిశ్చంద్ర వేషం కట్టినవాడు ఏ కులం వాడైనా జాషువా పద్యం పాడకుండా కాటిసీను దాటలేడు. జనం ఊరుకోరు. బతికినన్నాళ్లూ అంటరానితనం అనుభవించిన కవి గొంతు నాటకం గుండెలోకి వెళ్లి కూర్చుంది.

మన కోనసీమ నుంచే ఇంకో పేరు చెప్పాలి. రాజోలు దగ్గర మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న. ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కావ్యానికి సాహిత్య అకాడమీ అవార్డు, తర్వాత పద్మభూషణ్ అందుకున్న కవి. స్వాతంత్ర్యం రాకముందే ‘పాలేరు’ నాటకం రాశారు. కామందు దగ్గర పనిచేసే పాలేరు చదువుకుని అధికారి అవుతాడు. ఆ నాటకం చూసి పిల్లలను బడికి పంపిన కుటుంబాలు ఉన్నాయని పేటల్లో చెప్పుకుంటారు.

భీమన్న రాసిన ప్రేమ నాటకం ‘రాగవాసిష్ఠం’. వసిష్ఠుడు, అరుంధతి ప్రణయమే దాని కథ. మనువు తొమ్మిదో అధ్యాయంలో ఒక మాట ఉంది. నీచకులంలో పుట్టిన అక్షమాల వసిష్ఠుణ్ణి కట్టుకోవడం వల్ల పూజ్యురాలైందని. ఆ అక్షమాలే అరుంధతి అంటారు. మాదిగలు తమను అరుంధతీయులుగా చెప్పుకుంటారు. మరి వసిష్ఠుడెవరు? పురాణాల ప్రకారం ఊర్వశి కొడుకు, అంటే దేవలోకపు వేశ్య బిడ్డ. వేశ్య కొడుకు, అంటరాని ఇంటి కూతురు ప్రేమించి పెళ్లాడితే, ఆ జంట పేరునే బ్రాహ్మణ పురోహితుడు ప్రతి పెళ్లిలో ఆకాశంలోకి వేలు చూపించి చెబుతున్నాడు. కులాంతర ప్రేమ అంటే ఇప్పటికీ కత్తులు లేచే దేశంలో, పెళ్లిపందిట్లో చూపించే నక్షత్రం కులాంతర పెళ్లిదే. మనువు ఆ గౌరవాన్ని భర్త ఖాతాలో వేశాడు. భీమన్న ఆ కథను మనువు చేతుల్లోంచి తీసుకుని నాటకం చేశారు.

మనం చేయగలిగింది

చింతామణిలో బూతు పోవాలి, సుబ్బిశెట్టి కులం మీద ఎగతాళి పోవాలి, వేశ్య మీద ఎగతాళి కూడా పోవాలి. కాళ్లకూరి రాసింది రాసినట్టు ఆడితే ఈ మూడూ చాలావరకు పోతాయి. అది బృందాలు, కళాకారుల సంఘాలు కూర్చుని తేల్చుకోవాల్సిన పని. ప్రభుత్వం చేయాల్సింది తాళం వేయడం కాదు, శుద్ధప్రతితో ఆడేవాళ్లకు వేదిక ఇవ్వడం.

మన వంతు కూడా ఉంది. ఏప్రిల్ 14న కోనసీమ పేటల్లో జరిగినంత ఘనంగా అంబేద్కర్ జయంతి చాలాచోట్ల జరగదు. పందిరి ఉంటుంది, మైకు ఉంటుంది, జనం ఉంటారు. డీజేకి ఇచ్చే డబ్బులో కొంత పక్కన పెడితే ఒక హార్మోనియం, నలుగురు నటులు వస్తారు. ‘పాలేరు’ ఒక ఊళ్లో, ‘రాగవాసిష్ఠం’ ఇంకో ఊళ్లో ఆడొచ్చు. పద్యం పాడగలిగిన పెద్దవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల గొంతు ఉండగానే పిల్లలకు నేర్పించాలి. ఈసారి పందిట్లో ముందు వరసలో మన ఆడపిల్లలు కూర్చోవాలి. అరుంధతి వేషం కూడా వాళ్లే కట్టాలి.