మంద్రధ్వనికి ఎన్ని వాట్లు కావాలి?

మంద్రం, మధ్యమం, తారం అని మన సంగీతజ్ఞులు స్థాయిలను మూడుగా విభజించారు. తబలా జతలో ఎడమచేతి డగ్గా పలికే గంభీరనాదం లోపిస్తే ఖవ్వాలీ అయినా, గజల్ అయినా వెలితిగానే తోస్తుంది. ఇంటిలోనే చిన్న థియేటరు అమర్చుకొనే ఈ కాలంలో ఆ మంద్రనాదాన్ని పలికించే బాధ్యత సబ్‌వూఫర్ అనే లౌడ్‌స్పీకరుది. స్థూలంగా 20 నుండి 80 హెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలు దాని పాలు. 1992లో డాల్బీ డిజిటల్ పద్ధతి సినిమాలలో ప్రవేశించినప్పుడు, 120 హెర్ట్జ్‌కు లోబడిన ధ్వనుల కొరకే అందులో ఒక ప్రత్యేక మార్గం ఏర్పడినది. ‘5.1’ అనే సంఖ్యలో చుక్క తరువాతి 1 దానినే సూచిస్తుంది.

వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె చేయించి, స్పీకరును విడిగా కొని, సబ్‌వూఫర్‌ను స్వయంగా నిర్మించుకొనడం భౌతికశాస్త్ర విద్యార్థికి తగిన పని. కాని ఆంప్లిఫయర్ ఎన్ని వాట్లది కావాలి అనే ప్రశ్న వద్ద చాలామంది తడబడతారు. ఈ వ్యాసకర్త విద్యార్థిదశలో, 60 వాట్లు భరించగల స్పీకరుకు 50 వాట్ల ఆంప్లిఫయర్ చాలునని, అది క్షేమమని కూడా తలచినాడు. హాస్టలు మిత్రులు చందాలు వేసుకొని కొన్న ఆ స్పీకరు ఒక్క రాత్రిలోనే కమురు వాసన వేసి మూగబోయింది. చిన్న ఆంప్లిఫయర్ పెద్ద స్పీకరును ఎట్లు కాల్చినది? దీనికి సమాధానం తెలిస్తే మొదటి ప్రశ్నకు కూడా సమాధానం దొరుకుతుంది.

వాటు వేరు, ధ్వని వేరు

వాటు విద్యుత్ సామర్థ్యానికి కొలత; ధ్వనికి కాదు. స్పీకరు ఆ సామర్థ్యంలో ఎంత భాగాన్ని ధ్వనిగా మార్చగలదో తెలిపేది దాని సూక్ష్మగ్రాహ్యత. ఒక వాటు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్లు వినవచ్చునో తయారీదారు ఇచ్చే పత్రంలో ఉంటుంది. 88 డెసిబెల్లు ఇచ్చే స్పీకరు దక్షత సుమారు 0.4 శాతం మాత్రమే. 100 వాట్లు అందిస్తే అర వాటు కూడా ధ్వని కాదు. తక్కినదంతా వాయిస్ కాయిల్‌లో వేడిగా మారుతుంది.

పైగా డెసిబెల్ సంవర్గమాన మానం. వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెల్లు పెరగాలి. అనగా పదింతల వాట్లు కావాలి. 100 వాట్లకు బదులు 200 వాట్ల యంత్రం కొన్నవాడు రెట్టింపు ధర చెల్లించి, చెవికి కొద్దిపాటి తేడాను మాత్రమే తెచ్చుకుంటాడు. మంద్రధ్వనుల విషయంలో మన చెవి మరింత మందం. 20 హెర్ట్జ్ ధ్వని వినబడడం ఆరంభించేదే సుమారు 78 డెసిబెల్ల వద్ద.

ఒక లెక్క

10 అంగుళాల స్పీకరు, సూక్ష్మగ్రాహ్యత 88 డెసిబెల్లు, శ్రోత 3 మీటర్ల దూరంలో ఉన్నాడనుకొందాం. బయలులో అయితే ఆ దూరానికి సుమారు 9.5 డెసిబెల్లు తగ్గాలి. గదిలో గోడలు కొంత తోడ్పడతాయి గనుక 6 తగ్గుతుందని తీసుకొందాం. శ్రోత వద్ద 100 డెసిబెల్లు కావాలంటే స్పీకరుకు మీటరు దూరంలో 106 ఉండాలి. 106 నుండి 88 తీసివేయగా మిగిలినది 18 డెసిబెల్లు. అది సుమారు 63 రెట్లు. కనుక 63 వాట్లు కావాలి. సినిమాలో హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దాల కొరకు 3 డెసిబెల్లు కలిపితే 126. అనగా 125 నుండి 150 వాట్ల ఆంప్లిఫయర్, ఆ వాట్లను నిరంతరం భరించగల స్పీకరు సరిపోతాయి. అదే గదిలో 115 డెసిబెల్లు కోరేవారికి, ఆ అదనపు 3 డెసిబెల్లు కలపకముందే, లెక్క 2000 వాట్లకు చేరుతుంది. అంత వేడిని ఆ ఒక్క కాయిల్ సాధారణంగా భరించలేదు.

వాట్లు చేయలేని పని

ఈ లెక్క 60 హెర్ట్జ్ పరిసరాలలో నమ్మదగినదే. ఇంకా కిందికి దిగినకొద్దీ వాట్ల కంటె శంకువు కదలిక ముఖ్యమవుతుంది. ధ్వనితీవ్రత మారకుండా పౌనఃపున్యం సగమైతే, శంకువు నాలుగింతలు కదలాలి. మూసిన పెట్టెలోని 10 అంగుళాల శంకువు ఇరుప్రక్కలకు 8 మిల్లీమీటర్ల చొప్పున కదలగలదనుకొందాం. అది 60 హెర్ట్జ్ వద్ద, మీటరు దూరంలో సుమారు 108 డెసిబెల్లు ఇవ్వగలదు. 30 హెర్ట్జ్ వద్ద 96 మించి ఇవ్వలేదు. ఎన్ని వాట్లు పోసినా ఈ హద్దు మారదు. హద్దు దాటితే టకటకమనే చప్పుడుతో కాయిల్ వెనుక పళ్ళెమును తాకి చెడుతుంది. చిన్న గది ఈ లోటును కొంత పూడుస్తుంది గాని పూర్తిగా కాదు. అటువంటప్పుడు మరిన్ని స్పీకర్లు అమర్చాలి, లేక గొట్టం గల పెట్టెను ఎన్నుకోవాలి. గొట్టం గల పెట్టెలో దాని అనునాద పౌనఃపున్యానికి దిగువన శంకువుకు గాలి ఆనిక పోతుంది గనుక, ఆ ధ్వనులను వడపోసే ఫిల్టరు తప్పనిసరి. ఈ లెక్కలకు మార్గం చూపినవారు 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, తరువాత 1970 దశకంలో రిచర్డ్ స్మాల్. స్పీకరు పత్రంలో కనబడే థీల్-స్మాల్ విలువలు వారి పేరనే నిలిచాయి.

కాయిల్ ఎందుకు మాడినది?

ఆంప్లిఫయరును దాని శక్తికి మించి మ్రోగించినప్పుడు తరంగ శిరస్సులు తెగి, అల చతురస్రాకారం దాలుస్తుంది. శుద్ధ సైన్ తరంగానికి 50 వాట్లు ఇచ్చే యంత్రం అట్టి స్థితిలో 100 వాట్ల వరకు ఇవ్వగలదు. మా 60 వాట్ల కాయిల్ దానికే ఆహుతి అయినది. తప్పు చిన్న యంత్రానిది కాదు. దాని గొంతు బొంగురుపోయిన తరువాత కూడా వాల్యూము పెంచిన మాది. కనుక కావలసిన ధ్వనికి కొంత మిగులు గల ఆంప్లిఫయర్ స్పీకరుకు మేలు చేస్తుంది.

అంగడిలో పెట్టెల మీద వ్రాసే ‘పి.ఎం.పి.ఓ.’ అంకెలను నమ్మరాదు, ఆర్.ఎం.ఎస్. అంకెనే అడగాలి. శక్తి నిత్యత్వ నియమం చదివినవారికి పరీక్ష సులభం. 12 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టరు ఇవ్వగలిగేది 60 వాట్లు. దానిపై నడిచే యంత్రం నిరంతరంగా 200 వాట్లు ఇవ్వజాలదు. వోల్టేజి పెంచే సర్క్యూట్ లేని ఆంప్లిఫయర్ 12 వోల్టులపై, 4 ఓముల స్పీకరుకు, అల తెగకుండా బ్రిడ్జి పద్ధతిలో కూడా 18 వాట్లకు మించి ఇవ్వలేదు. 24 వోల్టులైతే అది 72 అవుతుంది. స్పీకరు ఓములు కూడా గమనించాలి. 4 ఓముల కాయిల్స్ రెండు గల స్పీకరును సమాంతరంగా కలిపితే 2 ఓములు, శ్రేణిలో కలిపితే 8 ఓములు. 2 ఓములకు తట్టుకోలేని యంత్రానికి మొదటి విధంగా కలిపితే ఈసారి మాడేది ఆంప్లిఫయరే.

కాబట్టి విద్యార్థి మిత్రులు ముందుగా గదిని, దూరాన్ని, కావలసిన ధ్వనిని నిర్ణయించుకోవాలి. పిమ్మట స్పీకరును, పెట్టెను ఎన్నుకోవాలి. ఆంప్లిఫయరును చివర కొనాలి. మరొక మాట. 30 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. సామాన్యమైన గోడ దానికి గొప్ప అడ్డు కాదు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 గంటలు దాటిన తరువాత 45 డెసిబెల్ల పరిమితిని విధించాయి. గోడకు అవతల పరీక్షలకు చదువుకొనే పిల్లవాడో, జబ్బుతో పడుకున్న వృద్ధురాలో ఉండవచ్చును. ఎన్ని వాట్లు కావాలో లెక్కించేటప్పుడు వారిని కూడా లెక్కలోకి తీసుకొనడం విద్యావంతుని ధర్మం.