మీకు తెలుసా? ఉత్తరాల్లో మిరియాల గూఢభాష

బెల్జియం జోలికి ఎవరూ రాకూడదని 1839లో లండన్‌లో ఒప్పందం రాసుకున్నారు. 1914 ఆగస్టులో జర్మనీ దాన్ని తొక్కుకుంటూ పోయింది. దాంతో బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఆ కాగితంతో ఏ సంబంధమూ లేని పంజాబీ, పఠాన్ రైతుబిడ్డలు బ్రిటిష్ ఇండియా సైన్యపు సిపాయిలుగా సెప్టెంబరు చివర్లో ఫ్రాన్స్‌లోని మార్సేల్ రేవులో ఓడ దిగారు. చలికోట్లు అందరికీ అందకముందే కందకాల్లోకి!

వాళ్ల ఉత్తరాలను సెన్సార్ అధికారులు విప్పి చదివేవారు. అందుకని కొందరు వంటింటి భాష పట్టారు: ‘నల్ల మిరియాలు’ అంటే భారతీయ సిపాయిలు, ‘ఎర్ర మిరపకాయలు’ అంటే తెల్లవాళ్లు. నల్లవి అయిపోవచ్చాయంటే మనవాళ్లు రాలిపోతున్నారని. పాపం, సెన్సారువాళ్లకూ అది అర్థమైపోయింది. వాళ్లు చేసుకున్న అనువాదాలు ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.