గేమ్ ఎన్ని కాపీలు అమ్ముడైంది? లెక్క మీరే తేల్చొచ్చు!

కంపెనీ చెప్పదు. అమ్మే దుకాణమూ చెప్పదు. అయినా బయట దొరికే ఆనవాళ్లతోనే అమ్మకాల లెక్క కట్టేవాళ్లున్నారు. డేటా ఉద్యోగాల వైపు చూస్తున్నవారికి ఇది మంచి పాఠం. పైసా ఖర్చు లేని ప్రాజెక్టు కూడా!

పెద్ద సినిమా విడుదలైన మర్నాడే ‘తొలిరోజు ఇన్ని కోట్లు’ అంటూ పోస్టర్లు వచ్చేస్తాయి. ఆ అంకెను నమ్మాలా వద్దా అన్నది పక్కన పెడితే, థియేటర్ల లెక్క, టికెట్ల లెక్క అంటూ ఏదో ఒకటి ఉంటుంది. కంప్యూటర్ గేమ్‌ల సంగతి అలా కాదు. డిస్కు కొనుక్కొచ్చుకునే రోజులు దాదాపు పోయాయి. ఇప్పుడు కొనడం, డౌన్‌లోడ్ చేసుకోవడం అంతా ఆన్‌లైన్‌లోనే. ఆ వ్యాపారంలో అందరికంటే పెద్ద దుకాణం ‘స్టీమ్’. అమెరికాకు చెందిన వాల్వ్ కంపెనీ 2003లో దీన్ని మొదలుపెట్టింది. వాల్వ్ షేర్లు స్టాక్ మార్కెట్‌లో లేవు. కాబట్టి ఏ గేమ్ ఎంత అమ్ముడైందో మదుపరులకు చెప్పాల్సిన అవసరం దానికి లేదు. గేమ్ తయారుచేసిన వాళ్లకు తమ గేమ్ లెక్క కనిపిస్తుంది. పక్కవాళ్లది కనిపించదు.

‘ఎంత అమ్ముడైతే మనకేంటి?’ అనుకోవచ్చు. నలుగురు మిత్రులు ఉద్యోగాలు మానేసి రెండేళ్లు కష్టపడి ఒక గేమ్ చేద్దామనుకుంటున్నారని అనుకోండి. అలాంటి గేమ్‌లు మామూలుగా ఎన్ని కాపీలు పోతాయో తెలియకుండా దిగితే? సూపర్‌హిట్ల వార్తలు మాత్రమే చూసి దిగితే? పెట్టుబడి పెట్టేవాళ్లకూ, పబ్లిషర్లకూ ఇదే ప్రశ్న. దీనికి జవాబు వెతకడమే మార్కెట్ రీసెర్చ్, ప్రొడక్ట్ అనలిటిక్స్ ఉద్యోగాల్లో రోజువారీ పని. గేమ్‌లే కానక్కర్లేదు. యాప్ అయినా, ఆన్‌లైన్ కోర్సు అయినా పోటీ కంపెనీ తన లెక్కలు మనకు ఇవ్వదు కదా!

మెతుకు పట్టి చూస్తే...

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా తిరగేయక్కర్లేదు. ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. 2014లో ఆర్స్ టెక్నికా అనే టెక్ వార్తా సంస్థలో కైల్ ఓర్లాండ్ అనే పాత్రికేయుడు చేసింది ఇదే. దానికి ఆయన పెట్టిన పేరు ‘స్టీమ్ గేజ్’.

స్టీమ్‌లో ఖాతా తెరిచిన ప్రతి ఒక్కరికీ వరుస క్రమంలో ఒక నంబరు వస్తుంది. అప్పట్లో ప్రొఫైళ్లు, మనం మార్చుకుంటే తప్ప, అందరికీ కనిపించేవి. ఎవరి దగ్గర ఏ గేమ్‌లున్నాయో, ఎన్ని గంటలు ఆడారో చూడొచ్చు. నంబర్లు వరుసలో ఉన్నాయి కాబట్టి కంప్యూటర్‌తో యాదృచ్ఛికంగా కొన్ని నంబర్లు తీసి, ఆ ప్రొఫైళ్లు పరిశీలించి, మొత్తానికి లెక్క కట్టారు. కొత్త సంగతులూ బయటపడ్డాయి. కొన్న గేమ్‌లలో దాదాపు 37 శాతం ఒక్కసారి కూడా తెరవలేదట! డిస్కౌంట్ చూసి కొనేసి అలమరాలో పడేసిన పుస్తకాల్లాంటివన్నమాట.

మరుసటి ఏడాది, 2015లో, సెర్గీ గల్యోంకిన్ ఇదే పద్ధతితో ‘స్టీమ్ స్పై’ మొదలుపెట్టారు. రోజూ కొత్త శాంపిల్ తీస్తూ, ఎవరైనా చూసుకునేలా ఒక్కో గేమ్ అంచనాను పెట్టారు. చిన్న డెవలపర్లకు మార్కెట్ ఎలా ఉందో మొదటిసారి కనిపించింది.

చిన్న గేమ్‌కు పెద్ద చిక్కు

పద్ధతి బాగానే ఉంది. ఎంతవరకు నమ్మొచ్చు? ఒక ఉదాహరణ వేసుకుందాం. మొత్తం 10 కోట్ల ఖాతాలున్నాయి. మనం లక్ష ఖాతాలు చూశాం. అందులో 1,000 మంది దగ్గర ఒక గేమ్ ఉంది. అంటే 1 శాతం. మొత్తానికి లెక్కేస్తే 10 లక్షల మంది. స్టాటిస్టిక్స్‌లో 95 శాతం నమ్మకంతో చెప్పే తేడా ఇక్కడ సుమారు 62 వేలు. అంటే అసలు లెక్క 9 లక్షల 38 వేల నుంచి 10 లక్షల 62 వేల మధ్య ఉండొచ్చు. పనికొచ్చే అంచనాయే.

ఇప్పుడు ఇంకో చిన్న గేమ్. అదే లక్ష ఖాతాల్లో 5 మంది దగ్గరే కనిపించింది. మొత్తానికి 5,000 మంది. కానీ తేడా? దాదాపు 4,400! అసలు లెక్క 600 కావచ్చు, 9,400 కూడా కావచ్చు. ఒకదానికి ఆఫీసు అద్దె కూడా రాదు, ఇంకోదానికి ఇంకో గేమ్ మొదలుపెట్టుకోవచ్చు. శాంపిల్ అదే, ఫార్ములా అదే. ఒకచోట పనిచేసింది, ఇంకోచోట చేతులెత్తేసింది. అంచనా ఎంత అవసరమో వాళ్లకే అంచనా అంత బలహీనం. తేడా ఎంతో చెప్పకుండా ‘5,000 కాపీలు’ అని రాసేస్తే చదివేవాడు దాన్ని నిజమనుకుంటాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

దశాంశాల్లో దాక్కున్న రహస్యం

2018 ఏప్రిల్‌లో వాల్వ్ ప్రైవసీ సెట్టింగులు మార్చింది. ఎవరి దగ్గర ఏ గేమ్‌లున్నాయన్నది, వాళ్లు కావాలని చూపిస్తే తప్ప, బయటివాళ్లకు కనిపించదు. వాడేవాళ్ల వైపు నుంచి చూస్తే మంచి మార్పే. కానీ స్టీమ్ స్పైకి ఆధారం పోయింది. తర్వాత వేరే పద్ధతితో తిరిగొచ్చినా మునుపటి కచ్చితత్వం రాలేదు.

అదే ఏడాది ఇంకో దారి దొరికింది. గేమ్‌లో ఏదైనా ఘనకార్యం చేస్తే ‘అచీవ్‌మెంట్’ వస్తుంది. ఆడినవాళ్లలో ఎంత శాతానికి అది వచ్చిందో స్టీమ్ చూపిస్తుంది. తెర మీద కనిపించేది ఒక దశాంశ స్థానమే. ఏపీఐ మాత్రం అప్పట్లో బోలెడన్ని దశాంశ స్థానాలు ఇచ్చేది. గేమ్ డెవలపర్ టైలర్ గ్లేల్ ఆ అంకెల్లోనే ఆడినవాళ్ల సంఖ్య దాగుందని బయటపెట్టాడు.

ఎలాగంటే... ఒక అచీవ్‌మెంట్ 42.857142 శాతం మందికి వచ్చిందనుకోండి. 7 మందిలో ముగ్గురికి వస్తే ఇదే శాతం. 14 మందిలో ఆరుగురికి వచ్చినా ఇదే. రెండో అచీవ్‌మెంట్ 7.142857 శాతం. అంటే 14లో ఒకరు. ఇక ఆడినవాళ్లు ఏడుగురే అయ్యే వీల్లేదు. మూడోది సరిగ్గా 10 శాతం. 14కు, 10కి క.సా.గు. కట్టండి: 70. మూడు శాతాలూ సరిపోయే కనిష్ఠ సంఖ్య అదే. మనుషులు సగాలు, పావులు ఉండరు కదా! అచీవ్‌మెంట్లు ఎక్కువున్న కొద్దీ అసలు సంఖ్యకు దగ్గరవుతాం. హైస్కూల్ లెక్కతో లక్షల మంది ఆటగాళ్ల సంఖ్య తేలిపోయింది.

ఆర్స్ టెక్నికా ఈ పద్ధతితో వేల గేమ్‌ల లెక్కలు ప్రచురించింది. వాల్వ్ వెంటనే దశాంశాలను కుదించేసింది. ఆ దారీ మూసుకుపోయింది. డేటా ఉద్యోగంలో చేరబోయేవాళ్లు ఇక్కడ రెండు వైపులా నేర్చుకోవచ్చు. శాతమే కదా అని వదిలేసిన అంకెలో రహస్యం ఉండొచ్చు. రేపు మీరే ఏపీఐ రాసేటప్పుడు, అవసరానికి మించిన కచ్చితత్వం బయటపెడితే ఏమవుతుందో కూడా ఇది చెబుతుంది.

రివ్యూలను గుణిస్తే?

ఇప్పుడు ఎక్కువమంది వాడేది సులువైన దారి. గేమ్ పేజీలో ఎన్ని రివ్యూలున్నాయో అందరికీ కనిపిస్తుంది. కొన్నవాళ్లలో కొద్దిమందే రివ్యూ రాస్తారు. కాబట్టి రివ్యూల సంఖ్యను ఒక గుణకంతో హెచ్చిస్తే అమ్మకాల అంచనా వస్తుంది. మైక్ బాక్స్‌లైటర్ అనే డెవలపర్ పేరు మీద దీన్ని ‘బాక్స్‌లైటర్ పద్ధతి’ అంటారు.

గుణకం ఎంత అన్నదే అసలు ప్రశ్న. సాధారణంగా 30 నుంచి 60 మధ్య వాడతారు. ఇది రాతి మీద గీత కాదు. రివ్యూ రాయమని స్టీమ్ ఆటగాళ్లను అడగడం పెరిగాక గుణకం తగ్గింది. పాత గేమ్‌కు వాడిన గుణకం కొత్తదానికి పనికిరాదు. అభిమానులు ఎగబడి రాసే గేమ్‌కు ఒకలా, ఓ అరగంట ఆడి పక్కనపెట్టే గేమ్‌కు ఒకలా ఉంటుంది.

1,000 రివ్యూలున్న గేమ్‌ను తీసుకుందాం. గుణకం 30 అయితే 30 వేల కాపీలు, 60 అయితే 60 వేలు. ధర 10 డాలర్లు ఉన్నా డిస్కౌంట్లు, దేశాన్ని బట్టి మారే ధరలు పోను సగటున 6 డాలర్లు వచ్చిందనుకోండి. తిరిగిచ్చేసినవి 10 శాతం అనుకోండి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. మిగిలినదాంట్లో స్టీమ్ వాటా 30 శాతం. అన్నీ పోను తయారీదారుల చేతికొచ్చేది లక్షా 13 వేల నుంచి 2 లక్షల 27 వేల డాలర్ల మధ్య. పన్నులు ఇంకా తీయలేదు. మన నలుగురు మిత్రులు చూసుకోవాల్సింది పై అంకెను కాదు. కింది అంకె వస్తే నిలబడగలమా అన్నదే వాళ్ల ప్రశ్న.

ఆడినవాళ్లు వేరు, కొన్నవాళ్లు వేరు

2024 ఫిబ్రవరిలో ‘పాల్‌వరల్డ్’ గేమ్ తయారీదారులు ఒక ప్రకటన చేశారు. రెండున్నర కోట్ల మంది ఆడారని వార్తలొచ్చాయి. జాగ్రత్తగా చదివితే అందులో రెండు వేర్వేరు అంకెలున్నాయి. స్టీమ్‌లో అమ్ముడైనవి కోటిన్నర కాపీలు. ఎక్స్‌బాక్స్ వైపు కోటి మంది ‘ఆటగాళ్లు’. ఎక్స్‌బాక్స్‌లో గేమ్ పాస్ చందా ఉన్నవాళ్లు విడిగా కొనకుండానే ఆడొచ్చు. రెండూ కలిపి ‘రెండున్నర కోట్ల అమ్మకాలు’ అనేస్తే తప్పు.

ఇలాగే ఒకే సమయంలో ఆడుతున్నవారి గరిష్ఠ సంఖ్య అమ్మకాల సంఖ్య కాదు. ఖాతాలో గేమ్ ఉన్నంత మాత్రాన పూర్తి ధరకు కొన్నట్టు కాదు. ఉచితంగా పంచినప్పుడు తీసుకుని ఉండొచ్చు, చవక ప్యాకేజీలో వచ్చి ఉండొచ్చు. అంకె చూడగానే ‘ఇది దేని లెక్క?’ అని అడగడం అలవాటు చేసుకోండి.

మీ రెజ్యూమెలోకి ఒక ప్రాజెక్టు

టైటానిక్ డేటాసెట్, ఇళ్ల ధరల డేటాసెట్‌తో చేసిన ప్రాజెక్టులు ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసీ చూసీ విసిగిపోయారు. దానికి బదులు ఇది ప్రయత్నించండి.

* ఒక జానర్ ఎంచుకోండి. ఒకే ఏడాదిలో విడుదలైన 50 గేమ్‌లు తీసుకోండి. హిట్లు మాత్రమే ఏరుకోవద్దు. అడుగున పడిపోయినవీ ఉండాలి.

* స్టీమ్ రివ్యూల సమాచారం జేసన్ రూపంలో అందరికీ దొరుకుతుంది. భాష, ఆడిన సమయం, గేమ్ ఉచితంగా వచ్చిందా లేదా అన్నవి అందులో ఉంటాయి. పైథాన్, పాండాస్ వస్తే చాలు. నిబంధనలు చదవండి, సర్వర్‌ను అదేపనిగా తట్టకండి. రాసినవాళ్ల ఐడీలు మీకు అక్కర్లేదు, తీసేయండి.

* అమ్మకాలు అధికారికంగా ప్రకటించిన గేమ్‌లు ఓ పదిహేను వెతకండి. ప్రకటన వెలువడిన నాటికి ఉన్న రివ్యూలతో అమ్మకాలను భాగిస్తే గుణకం వస్తుంది. సగటు కాకుండా మధ్యగతం తీసుకోండి. గుణకాలు ఎంత చెదిరి ఉన్నాయో గ్రాఫ్ గీయండి.

* ఒక మెలిక గుర్తుంచుకోండి. అమ్మకాలు గొప్పగా ప్రకటించేది బాగా ఆడిన గేమ్‌లే. ఫ్లాపైనవాళ్లు చప్పుడు చేయరు. కాబట్టి మీ గుణకం హిట్ల వైపు మొగ్గి ఉంటుంది. ఈ మాట మీ రిపోర్టులో మీరే రాయండి.

* చివరికి ఒక్కో గేమ్‌కు ఒక్క అంకె కాకుండా ‘ఇంత నుంచి ఇంత’ అని ఇవ్వండి. మీ ఊహలన్నీ మొదటి పేజీలోనే పెట్టి గిట్‌హబ్‌లో ఉంచండి.

ఇంటర్వ్యూలో ఇదే అడుగుతారు

‘హైదరాబాద్‌లో రోజుకు ఎన్ని బిర్యానీలు అమ్ముడవుతాయి?’ లాంటి ప్రశ్నలు అనలిస్ట్ ఇంటర్వ్యూల్లో మామూలే. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లయితే రెండో ప్రపంచ యుద్ధం నాటి ట్యాంకుల లెక్కా అడగొచ్చు. దొరికిన జర్మన్ ట్యాంకుల మీది సీరియల్ నంబర్లను బట్టి నెలకు ఎన్ని తయారవుతున్నాయో మిత్రదేశాల గణాంక నిపుణులు అంచనా కట్టారు. 1942 ఆగస్టుకు గూఢచారుల లెక్క 1,550. నంబర్ల లెక్క 327. యుద్ధం తర్వాత రికార్డుల్లో తేలింది 342! స్టీమ్ ఖాతాల వరుస నంబర్లతో చేసిన పనికి ఇది తాతలాంటిది.

ఇలాంటి ప్రశ్నల్లో వాళ్లు చూసేది చివరి అంకెను కాదు. ఏ ఆధారంతో మొదలుపెట్టారు, ఏం ఊహించారు, ఎక్కడ తప్పు రావచ్చో మీకు తెలుసా అన్నది చూస్తారు. ‘40 వేలు సార్’ అని ఆగిపోయే అభ్యర్థి కంటే ‘30 నుంచి 60 వేలు. ఫలానా సమాచారం దొరికితే ఇంకా దగ్గరగా చెప్పగలను’ అనే అభ్యర్థికే అవకాశం ఎక్కువ.

ఈ చూపు మీ సొంత నిర్ణయాలకూ పనికొస్తుంది. ‘500 ఆఫర్లు’ అని ఏదైనా శిక్షణ సంస్థ ప్రకటన కనిపిస్తే, అవి 500 మంది విద్యార్థులకు వచ్చాయా, లేక 200 మందికే రెండేసి మూడేసి వచ్చాయా? ఎంతమంది చేరితే అన్ని వచ్చాయి? ఫీజు కట్టేముందు అడగండి. జవాబు రాకపోతే గత బ్యాచ్‌లో చదివినవారిని ఓ ఇరవై మందిని పట్టుకుని కనుక్కోండి. వాళ్ల పేర్లు మాత్రం సంస్థ ఇచ్చిన జాబితాలోంచి కాకుండా మీరే వెతికి తీసుకోండి.